స్కానింగ్‌లో ఏమీ లేకున్నా.. తొందర వద్దు
తలకు దెబ్బ తగిలిన పిల్లలకు చదువు, ఆట క్రమంగానే

ఆటలో పడి తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు లేచి నిలబడితే పెద్దలు ఊపిరి పీల్చుకుంటారు. సీటీ స్కాన్‌లో లోపం లేదంటే మరునాడే బడికి, మైదానానికి పంపుతారు. అయితే కంకషన్‌లో ప్రధానంగా దెబ్బతినేది మెదడు పనితీరు. అందుకే సాధారణంగా స్కానింగ్‌లో అది కనిపించదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ కలుగవచ్చు. తలనొప్పి, తల తిరగడం, మతిమరుపు, చదువుపై మనసు నిలవకపోవడం, చిరాకు దీని లక్షణాలు.

పరీక్ష ఇలా..

8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 'చైల్డ్ స్కాట్-6', 13 ఏళ్లు దాటినవారికి 'స్కాట్-6' అనే పరీక్షా పత్రాలు ఉన్నాయి. వైద్యుడు కొన్ని పదాలు చదివి తిరిగి చెప్పమంటారు. కొద్ది నిమిషాల తర్వాత అవే పదాలను మళ్లీ అడుగుతారు. అంకెలను వెనుక నుంచి చెప్పిస్తారు. శరీరం తూలుతున్నదీ లేనిదీ చూస్తారు. దెబ్బ తగిలిన తొలి మూడు రోజుల్లో ఈ పరీక్ష ఎక్కువగా ఉపకరిస్తుంది. నిద్రలేమి, ఆందోళన వల్ల కూడా మార్కులు తగ్గవచ్చు. కనుక పరీక్ష ఒక్కదానితోనే నిర్ణయానికి రారాదు.

ఒక బాలుని అనుభవం

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కాసేపటికే తిరిగి ఆటలో దిగాడు. ఆట ముగిశాక కుప్పకూలాడు. మెదడులో రక్తస్రావమై శస్త్రచికిత్స జరిగింది. ప్రాణం దక్కినా కోలుకోవడానికి ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది. 2009లో ఆ రాష్ట్రం అతని పేరిట చట్టం చేసింది. అనుమానం ఉన్న బాలుణ్ని వెంటనే ఆట నుంచి తప్పించాలని, వైద్య నిపుణుల లిఖితపూర్వక అనుమతి లేనిదే తిరిగి ఆడనివ్వరాదని నిర్దేశించింది. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలు తెచ్చాయి.

ముందు బడి.. తర్వాతే ఆట

చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టాలన్న పాత సలహా ఇప్పుడు లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నిర్ణయాల ప్రకారం తొలి 24 నుంచి 48 గంటలు శ్రమ తగ్గిస్తే చాలు. ఇంట్లో తేలికపాటి నడక మంచిదే. టీవీ, సెల్‌ఫోన్ బాగా తగ్గించాలి. తర్వాత అవసరాన్ని బట్టి కొద్ది గంటలు, ఆపై పూర్తిగా బడికి పంపాలి. ఆటకు ఆరు దశలు ఉన్నాయి. ఒక్కో దశకు కనీసం ఒక రోజు పడుతుంది. చాలామంది పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. అప్పటికీ బాధలు తగ్గకుంటే నిపుణులకు చూపించాలి.

పదేపదే వాంతులు, మూర్ఛ, పెరిగే తలనొప్పి, మగత, కాళ్లూచేతుల్లో బలహీనత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. 'నాకేం కాలేదు' అని పిల్లవాడు చెప్పినా, అనుమానం వచ్చిన రోజున ఆట ఆపించడం వ్యాయామ ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల బాధ్యత.