చిల్లర కూలి, చిల్లర సరుకు

2025 ఉగాది రోజున, మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ ప్రారంభించారు. ఒకప్పటి ఉమ్మడి నల్లగొండలోని ఆ ఊరు ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అప్పటి నుంచి రేషన్ కార్డున్న ఇంట్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురుంటే 24 కిలోలు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చిన కంట్రోల్ బియ్యం, మధ్యలో ధర పెరుగుతూ తగ్గుతూ వచ్చి, చివరికి పైసా లేకుండా ఇంటికి చేరుతోంది. ఇది చిన్న సంగతి కాదు. జొన్న గటక తాగి రోజు గడిపిన తరాలున్న పాలమూరులో, బావి ఎండితే పొయ్యి ఆరిన దేవరకొండ తండాల్లో, ఈ రోజు అన్నం కోసం అప్పు చేయాల్సిన పని లేదు. అయినా కూలి ఇంటి మీద సామాను ఖర్చు బరువు దిగలేదు. బరువు బియ్యం మీది నుంచి ఎప్పుడో పక్కకు జరిగింది. మన ఆలోచన మాత్రం ఇంకా బియ్యం బస్తా చుట్టే తిరుగుతోంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో చేసిన గృహ వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 5,435 రూపాయలు, పట్టణాల్లో 8,978. దేశం మొత్తం మీద పల్లె సగటు 4,122. అంటే మన పల్లెలు దేశ సగటు కన్నా ఎక్కువే ఖర్చు పెడుతున్నాయి. ఆ సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాలు తిండికి పెట్టేది మొత్తం ఖర్చులో 47 శాతం. ఈ రెండు అంకెలనూ కలిపి చూస్తే తెలంగాణ పల్లెలో నలుగురున్న ఇంటి తిండి ఖర్చు నెలకు సుమారు 10 వేలు పడుతుంది. ఇది ముతక లెక్కే. ఇంట్లో పండినదానికి, పాడి పాలకు కూడా అందులో ధర కట్టారు. సగటు అన్న మాటలోనే పెద్ద రైతు, దినకూలీ ఇద్దరూ కలిసిపోతారు. అసలు చూడాల్సింది ఆ ఖర్చు లోపల ఏముందన్నది. దేశం మొత్తం మీద 1999-2000లో పల్లె ఖర్చులో ధాన్యాల వాటా 22 శాతం. 2023-24లో అది 5 శాతమే. అదే సర్వేలో బిస్కెట్లు, మిక్చర్, చాయ్, కూల్‌డ్రింకులు, బయట వండిన తిండి కలిసి దాదాపు 10 శాతం. పాలు, పాల సరుకులు 8 శాతం పైన. ధాన్యాల మీద పెట్టేదానికి రెట్టింపు డబ్బు పొట్లాల మీద, బయటి తిండి మీద పోతోంది. అందులో తినాల్సినంత పప్పు లేదు, కూర లేదు.

ఈ డబ్బు ఎక్కడెక్కడ ఖర్చవుతోందో చూద్దాం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఒక ఇంటికి సరుకు వచ్చే దారులు ముఖ్యంగా నాలుగు. నెల మొదట్లో రేషన్ దుకాణం. వారానికోసారి అంగడి. రోజూ ఊళ్లోని కిరాణం. పండుగకో పెళ్లికో పట్నంలోని హోల్‌సేల్ దుకాణం, ఈమధ్య మార్ట్. దేవరకద్రలో బుధవారం అంగడి అంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదులుతాయి. ఉల్లిగడ్డకు అది పేరున్న మార్కెట్. పెబ్బేరులో శనివారం సంత. కూరగాయలు, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, చింతపండు అంగడిలోనే కొనడం వెనక తెలివైన లెక్క ఉంది. పక్కపక్కనే పది కుప్పలుంటాయి కాబట్టి బేరం కుదురుతుంది. పొద్దు వాలేసరికి మిగిలిన సరుకు మోసుకుపోలేక అమ్మేవాళ్లే ధర దించుతారు. అయితే ఏ దారిలో కొంటారన్నది ఇష్టాన్ని బట్టి తేలేది కాదు. చేతికి డబ్బు ఎలా వస్తే కొనుగోలు అలా ఉంటుంది. నెల జీతం వచ్చే టీచరు ఇంటికి నెల సామాను ఒక్కసారే వస్తుంది. పత్తి ఏరి, వరి నాటి, మేస్త్రీ కింద పనిచేసి సాయంత్రానికి కూలి అందుకునే ఇంటికి సరుకు కూడా సాయంత్రానికే, ఆ పూటకు సరిపోయేంతే వస్తుంది. కూలి చిల్లరగా వస్తే సరుకూ చిల్లరగానే వస్తుంది.

ఊరి కిరాణం కౌంటరు మీద రెండు వస్తువులు గమనించండి. ఒకటి, గుమ్మానికి తోరణంలా వేలాడే ఐదు, పది రూపాయల పొట్లాల దండలు: చాయ్‌పత్తి, అల్లం పేస్టు, మసాలా, షాంపూ. రెండోది గల్లాపెట్టె పక్కన అట్టలు చిరిగిన పొడుగాటి ఉద్దెర పుస్తకం. పేజీకొక ఇల్లు. పావుకిలో పప్పు, నూనె పొట్లం, చక్కెర, సబ్బు అని వరసగా రాసి పక్కన అంకెలు ఉంటాయి. పత్తి డబ్బులు వచ్చినప్పుడో, ముంబై, పుణె పనికి పోయినవాళ్లు పంపినప్పుడో ఒక అడ్డగీత పడుతుంది. ఆ మర్నాడే కొత్త లెక్క మొదలు. పేద ఇంటికి ఈ రెండూ లేకపోతే గడవదు. ఈ రెండింటి వల్లే ఆ ఇల్లు కిలోకు ఎక్కువ ధర కడుతోంది. చిన్న పొట్లంలో కాగితం, రవాణా, లాభం పాలు ఎక్కువ. ఉద్దెర సరుకులో వడ్డీ విడిగా కనిపించదు, ధరలోనే ఉంటుంది. అదే పప్పు, అదే నూనె నెలకు సరిపడా ఒకేసారి కొన్న ఇంటికి తక్కువలో దొరుకుతుంది. తక్కువ సంపాదించేవాళ్లే ఎక్కువ ధర కట్టాల్సి వస్తోంది. ఈ వ్యాసం అడిగేదల్లా ఈ అన్యాయాన్ని సరిచేసే మార్గం గురించే.

పట్నంలో చౌకగా దొరుకుతుంటే పోయి తెచ్చుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. ఈ మాటలో కొంత నిజం ఉంది. దారిఖర్చు తగ్గింది. కానీ బస్సు ఉచితమైనా రోజు ఉచితం కాదు. 2025-26లో తెలంగాణకు ఖరారైన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మార్ట్‌లో పదోవంతు కలిసొస్తుందని అనుకుందాం. 2 వేల సామాను కొంటే మిగిలేది 200. పోగొట్టుకున్న కూలి 307. ఆ కూలి పూడాలంటే ఒకే విడత 3 వేలకు పైగా సామాను కొనాలి. అంటే పది రోజుల కూలి ఒక్కసారి చేతిలో ఉండాలి, అదీ ఉద్దెర బాకీ పోగా. పట్నంలో బియ్యం దుకాణం ముందు 26 కిలోల బస్తాలు పేర్చి ఉండటం చాలామంది చూసే ఉంటారు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేయడంతో, మిల్లర్లు ఒక కిలో పెంచి బస్తా కట్టారు. పన్ను తప్పింది. ఆ లాభం దక్కింది బస్తా కొనగలిగిన ఇంటికే. చిన్న ప్యాకెట్ కొన్నవాళ్లకు పన్ను పడింది. పెద్ద సరుకు కొనగలిగితేనే చౌక అన్న సూత్రం మార్ట్‌లోనూ ఇలాగే నడుస్తుంది.

కిరాణం షావుకారే దోచుకుంటున్నాడని ఇంకొందరు అంటారు. అదీ పూర్తి నిజం కాదు. ఇక్కడ మన పాలమూరు ఊళ్లే ప్రపంచానికి సాక్ష్యం ఇచ్చాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో మెట్ట ప్రాంతాల పల్లె బతుకు లెక్క రాయడం మొదలుపెట్టినప్పుడు, ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు ఉమ్మడి మహబూబ్‌నగర్‌వి: ఔరేపల్లి, దేవరకద్ర దగ్గరి డోకూరు. ఊరికి 40 ఇళ్లు తీసుకుని, పరిశోధకులు అక్కడే ఉండి, రాబడి, ఖర్చు, తిండి, అప్పు ఏళ్ల తరబడి రాశారు. ఔరేపల్లితోపాటు మహారాష్ట్రలోని మరో రెండు ఊళ్ల లెక్కలను రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త పరిశీలించి 1994లో ఒక పత్రం అచ్చు వేశారు. ఒక ఇంట్లో జబ్బు చేసినా, పని దొరకకపోయినా, రాబడి పడిపోయినా, ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా పడిపోలేదు. అది ఊరి సగటుతోనే పెరుగుతూ తగ్గుతూ నడిచింది. చేబదులు, ఉద్దెర, చుట్టాల సాయం కలిసి ఇంటి కష్టాన్ని పంచుకున్నాయన్నమాట. ఉద్దెర పుస్తకం ఈ పనే చేస్తుంది. దాన్ని దోపిడీ అని కొట్టేస్తే, జ్వరంతో మంచాన పడ్డ రోజు ఆ ఇంటికి పప్పు ఎవరిస్తారో కూడా చెప్పాలి.

అయితే ఆ పత్రంలోనే ఇంకో సంగతి ఉంది. మూడు ఊళ్లలో ఒకదానిలో భూమి లేనివాళ్లకు ఈ రక్షణ మిగతావాళ్లంత దక్కలేదు. అదీగాక, ఒక ఇంటికి వచ్చిన కష్టాన్ని ఊరు పంచుకోగలదు కానీ, ఊరికే కష్టమొస్తే పంచుకునేదెవరు? వాన ఎగ్గొట్టిన ఏడాది రైతు దగ్గరా ఉండదు, కూలీ దగ్గరా ఉండదు. ఉద్దెర ఇచ్చిన షావుకారు దగ్గర పుస్తకం నిండుతుంది, గల్లా నిండదు. హోల్‌సేల్ వాళ్లు అతణ్ని ఒత్తిడి చేస్తారు. నమ్మకం ఉన్నా ఇవ్వడానికి సరుకు ఉండదు. ఊరి లోపలి డబ్బుతో నడిచే ఉద్దెరకు కరువే హద్దు. బయటి డబ్బు ఊళ్లోకి రావాలి, అదీ ఉద్దెరంత సులువుగా, చిన్న వాయిదాల్లో తీరేలా రావాలి.

ధర ముందు కూలి ఇల్లు ఎంత నిస్సహాయమో నూనె సంగతి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. గద్వాల, వనపర్తి, అచ్చంపేట వైపు పల్లి పండిస్తారు. అయినా కూలి ఇంట్లో కాగేది ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చిన పామాయిలే. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. 2025 మే చివర్లో 16.5 శాతానికి దించింది. ఢిల్లీలో రాసిన ఒక కాగితం మక్తల్ పల్లెలో తాలింపు గరిటెను కొలుస్తోంది. పప్పు కథ ఇంకో తీరు. నారాయణపేట మార్కెట్‌కు కందులు పేరు. చలికాలంలో కంది కోయగానే అప్పులవాళ్ల కోసం అందరూ ఒకేసారి అమ్ముకుంటారు. ఎండాకాలంలో అదే కంది పప్పుగా మారి పావుకిలో పొట్లంలో వాళ్లింటికే తిరిగొస్తుంది. ఆగి అమ్ముకునే శక్తి లేక ఒకసారి, ఒకేసారి కొనే శక్తి లేక ఇంకోసారి నష్టపోతారు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకంలో గ్రామ సంఘాలు బియ్యం అప్పు నడిపాయి. సంఘంలోని ఆడవాళ్లు ఎవరికెన్ని కిలోలు కావాలో చెబుతారు. సంఘం అన్నీ కలిపి మిల్లు దగ్గర బస్తాల లెక్కన కొంటుంది. ఇంటికి నెలకు సరిపడా బియ్యం ముందే చేరుతుంది. డబ్బు వాయిదాల్లో కడతారు. హోల్‌సేల్ ధర, ఉద్దెర సౌకర్యం, రెండూ ఒకే చేతిలో. ఇప్పుడు బియ్యానికి ఆ అవసరం తీరింది. అదే పద్ధతిని పప్పుకు, నూనెకు మళ్లించాలి. దాంతోపాటు రేషన్ దుకాణంలో ఈ రెండూ కొంతైనా ఇవ్వాలి. తమిళనాడు 2007 నుంచి రేషన్‌లో ఈ రెండూ ఇస్తూనే ఉంది, కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిల్ 25 రూపాయలకు.

మనమూ 2013 ఉగాదికి అమ్మహస్తం పేరుతో 9 సరుకులు 185 రూపాయలకు ఇచ్చి చూశాం కదా, నిలవలేదు కదా అని అడగవచ్చు. నిజమే. కారం, చింతపండు నాసిరకమన్న ఫిర్యాదులు అప్పుడే వచ్చాయి. తొమ్మిది సరుకులకు తొమ్మిది టెండర్లు, తొమ్మిది రకాల కల్తీ భయం. ఒక్కో ఇంటి నాలుక ఒక్కో కారానికి అలవాటు పడి ఉంటుంది. అందుకే రెండే సరుకులు చాలు. ఇస్తే అమ్ముకుంటారు అన్న మాటకు దొడ్డు బియ్యమే జవాబు. జనం తినలేని బియ్యం ఇచ్చినన్నాళ్లూ అవి దళారుల ఆటోలెక్కాయి. పప్పు, నూనె ఇప్పటికే ప్రతి ఇల్లూ కొంటున్నవే. తినే వస్తువును అమ్ముకుని మళ్లీ ఎక్కువ ధరకు ఎవరూ కొనరు. ఇక ఊరి దుకాణం దెబ్బతింటుందన్న భయం. కొంత అమ్మకం తగ్గడం నిజమే. కానీ సబ్బు, చాయ్‌పత్తి, ఉప్పు, రోజువారీ చిల్లర ఆ దుకాణానికే ఉంటాయి, మునిగిపోయే బాకీ కూడా తగ్గుతుంది. సంఘం సరుకును నిలవ చేసి పంచే పని అదే షావుకారుకు కమీషన్ మీద అప్పగించినా తప్పు లేదు.

ఎంత కావాలన్నదీ తెలిసిన లెక్కే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పెద్ద మనిషికి రోజుకు 85 గ్రాముల పప్పులు, 27 గ్రాముల నూనె కావాలి. మాంసం, గుడ్డు తింటే పప్పు కొంత తగ్గవచ్చు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు 10 కిలోల పప్పు, 3 కిలోల పైన నూనె. రేషన్‌లో కిలో పప్పు ఇచ్చినా మిగతా తొమ్మిది కిలోలు కొనాలి. పావుకిలో పొట్లాల్లో కొంటే ఆ పదికిలోల దాకా ఏ కూలి ఇల్లూ చేరలేదు. నల్లగొండలోనూ పాలమూరులోనూ ఊరూరా గ్రామ సంఘాలున్నాయి, పొదుపు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, లెక్క రాయగల ఆడవాళ్లున్నారు. వచ్చే నెల సంఘం సమావేశంలో అప్పు వాయిదాల మాట అయ్యాక, ఇంటింటికీ ఎంత పప్పు, ఎంత నూనె కావాలో ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం పట్టుకుని హోల్‌సేల్ దుకాణంలో ధర అడగండి.