పావలా కాదు, పైసా

అమెరికా ప్రభుత్వం రూపాయిలో పావలా తీసి పేద దేశాలకు పంచిపెడుతోందన్న మాట డల్లాస్ తెలుగు ఇళ్లలోనూ, ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. కేఎఫ్ఎఫ్ అనే సంస్థ ఏళ్లుగా చేస్తున్న సర్వేల్లో సామాన్య అమెరికన్లు చెప్పే సగటు అంచనా కూడా దాదాపు అంతే. అసలు లెక్క రూపాయికి ఒక పైసా. 2023 ఆర్థిక సంవత్సరంలో విదేశీ సాయం సుమారు 7,200 కోట్ల డాలర్లు, అంటే మొత్తం ఖర్చులో 1.2 శాతం. ఉక్రెయిన్‌కు ఇచ్చిన ఆర్థిక సాయమూ, కొంత సైనిక సాయమూ కూడా అందులోనివే.

లెక్క తప్పితే ఏం పోయిందిలే అనుకోవద్దు. 2025 జనవరిలో విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు వైట్‌హౌస్ చెప్పిన ఉదాహరణల్లో గాజాకు 5 కోట్ల డాలర్ల కండోమ్‌లు ఒకటి. ఆధారం చూపినవారు లేరు. తాను చెప్పేవాటిలో కొన్ని తప్పులుంటాయని ఆ కోతలను నడిపించిన ఎలాన్ మస్క్ రెండు వారాలకు ఒప్పుకున్నారు. అప్పటికే పనులు ఆగిపోయాయి. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్ ఆ సాయంతోనే నడిచేది. హెచ్‌ఐవీ పరీక్షకూ వైద్యానికీ చిన్నచూపు లేకుండా పిలిచే ఆ చోటు మూతపడింది. పుకారు పుట్టింది వాషింగ్టన్‌లో, నష్టపోయింది మన ఊరివాళ్లు.

పావలా పోతోందని నమ్మిన ఓటరు తన కాంగ్రెస్ సభ్యుడికి ఫోన్ చేసి కోత పెట్టమంటాడు. ఎవరు దేని గురించి ఫోన్ చేశారో ఆ ఆఫీసులో రాసిపెట్టుకుంటారు. అసలు లెక్క చెప్పాక ‘మరీ ఎక్కువ ఇస్తున్నాం’ అనేవాళ్లు బాగా తగ్గుతారని అవే సర్వేలు చూపాయి. అయినా ఆ లెక్క చెప్పడానికి ఫోనెత్తేవాళ్లు లేరు. నా బాధంతా దాని గురించే.

అది లాబీయింగ్ కంపెనీల పని, మన మాట ఎవరు వింటారు అంటారు కొందరు. 1999లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో చర్చికి వెళ్లే మామూలు మహిళలు ‘బ్రెడ్ ఫర్ ది వరల్డ్’ అనే సంస్థ తరఫున తమ కాంగ్రెస్ సభ్యుడు స్పెన్సర్ బాకస్‌ను కలిసి, పేద దేశాల అప్పులు రద్దు చేయించమని అడిగారు. ఆయన కరడుగట్టిన రిపబ్లికన్. ఆ తర్వాత ఆయనే సభలో దానికోసం పట్టుబట్టారు. 2000లో కాంగ్రెస్ 43.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. 2025 జులైలో విదేశీ సాయంలో మిగతా కోతలు ఆగలేదు గానీ, ఎయిడ్స్ కార్యక్రమం పెప్‌ఫార్‌కు పెట్టబోయిన 40 కోట్ల డాలర్ల కోతను సెనెటర్ల అభ్యంతరంతో పక్కన పెట్టారు.

వీసా మీద ఉన్నవాళ్లు సభ్యులకు ఉత్తరం రాయకూడదన్నది తప్పు. ఓటు లేదు, గ్రీన్‌కార్డు లేకుండా ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, అంతే. తెలుగు సంఘాలకూ గుడులకూ పన్ను మినహాయింపు పోతుందన్న భయమూ అలాంటిదే. అభ్యర్థిని బలపరచకూడదు, పరిమితికి లోబడి ఫలానా చట్టం కావాలని అడగొచ్చు.

ఒక ఆరోపణను మాత్రం కొట్టిపారేయలేను. సాయం డబ్బులో పెద్ద భాగం అమెరికా కాంట్రాక్టర్లు, పెద్ద సంస్థల చేతుల మీదుగానే వెళ్లేదన్నది నిజం. పావు వంతు నేరుగా స్థానిక సంస్థలకే ఇస్తామని 2021లో మాటిచ్చిన ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పదో వంతు దగ్గరే ఉండిపోయింది. దానికి విరుగుడు డబ్బు దారి మార్చడం. రోగికి మందు ఆపేయడం విరుగుడెలా అవుతుంది?

కాబట్టి మీ సభ్యుడికి రాసేటప్పుడు డబ్బు దారి మార్చమనీ అడగండి. ‘పేదరికాన్ని నిర్మూలించండి’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ కార్యక్రమం, ఎంత మొత్తం, ఏ బిల్లు అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. మీ జిప్ కోడ్ తప్పకుండా వేయండి, అది లేని ఉత్తరాన్ని తమ నియోజకవర్గానిదిగా లెక్కించరు. కేటాయింపుల కోసం సభ్యులు తమ కోరికలు పంపేది వసంతకాలంలో, అంతకు ముందే అడగాలి. ఉమ్మడి ఆంధ్రలో హెచ్‌ఐవీ ఇళ్లకు ఇళ్లనే కూల్చిన రోజులు చూసినవాళ్లయితే ఆ సంగతి నాలుగు ముక్కల్లో రాయండి. ఎవరో ఇచ్చిన నమూనా ఉత్తరం కంటే దాన్ని శ్రద్ధగా చదువుతారు. ఆఫీసులో విదేశీ వ్యవహారాలు చూసే ఉద్యోగి పేరు కనుక్కోండి. జవాబు రాకపోతే ఆ పేరుతోనే మళ్లీ అడగండి.