లబక్ రైతుకు సర్కారు సొమ్ము: మన పత్తి ధారణకు ఏపాటి దెబ్బ?

అమెరికాలో పత్తి సబ్సిడీ పెరిగిందన్న వార్త రాగానే ధారణ పడిపోతుందని అమ్మకాలకు దిగే వర్తకులు మన యార్డులలో తక్కువ కాదు. ఆ సొమ్ము అక్కడి రైతుకు ఏ లెక్కన ముడుతుందో చూస్తే అంత తొందర అక్కరలేదనిపిస్తుంది.

టెక్సాస్ పడమటి మైదానాలలోని లబక్ కౌంటీ పత్తికి పెట్టింది పేరు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. వానలు అంతంతమాత్రం. 2022 అనావృష్టిలో ఆ మైదానాలలో వేసిన పత్తిలో చాలా భాగం కోతకే రాలేదు. ఆ ఏడు రైతును ఆదుకున్నది ప్రధానంగా పంటల బీమా. ధర పడిపోయినపుడు అందే సొమ్ము వేరు. దాని లెక్క వేరు.

గింజతో కూడిన పత్తికి పౌనుకు 36.7 సెంట్లుగా ఉన్న ఆధార ధరను 2025 జూలైలో వచ్చిన చట్టం 42 సెంట్లు చేసింది. సీజను సగటు ధర అంతకు తగ్గితే తేడా సర్కారు ఇస్తుంది. ఉదాహరణకు సగటు 36 సెంట్లు పలికిందనుకుందాం. తేడా 6 సెంట్లు. ఎకరాకు లెక్కకు తీసుకునే దిగుబడి 1,000 పౌన్లయితే 60 డాలర్లు. చెల్లింపు 85 శాతం విస్తీర్ణానికే కనుక చేతికొచ్చేది 51 డాలర్లు. 2025 పంట ఏడాదికి వ్యక్తికి 1,55,000 డాలర్లు పరిమితి. భాగస్వామ్యంగా సేద్యం చేసేవారికి మనిషికొక పరిమితి చొప్పున లెక్క కడతారు. వాటాదారులు పెరగడంలోని మర్మం వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

అసలు కీలకం మరొకటి. ఈ సొమ్ము ఈ ఏడు వేసిన పంటకు కాదు, పాత రికార్డులలోని 'బేస్' ఎకరాలకు. ఆ చేలో జొన్న వేసినా పత్తి సొమ్ము వస్తుంది. పైగా 2025 పంట తాలూకు చెల్లింపు 2026 అక్టోబరుకు గాని మొదలు కాదు. కనుక ఆధార ధర పెరిగినంత మాత్రాన విస్తీర్ణం పెరుగుతుందని లెక్క వేయడం పొరపాటు. అసలు పంటతో ముడిపడినవి బీమా, గోదాములోని బేళ్లపై ఇచ్చే సర్కారు రుణం. ధారణపై నీడ పడేది వీటివల్లనే.

కౌలు సంగతి మనకు తెలిసిన కథే. రొక్కం కౌలయితే సొమ్ము సాగుదారుకే చెందుతుంది. కాని మరుసటి ఏడు భూస్వామి కౌలు పెంచి అందులో కొంత రాబట్టుకుంటాడు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు నేరుగా పట్టాదారుకే వెళ్లింది. ఇక్కడ కౌలుదారుకు ఆ మజిలీ కూడా లేకపోయింది.

సబ్సిడీ బొత్తిగా నిరపాయమని కాదు. 2002లో బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేసి నెగ్గింది; 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది.

న్యూయార్కులో పౌనుకు ఒక్క సెంటు తేడా వస్తే 356 కిలోల క్యాండీపై సుమారు 7.84 డాలర్లు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 వరకు 11 శాతం దిగుమతి సుంకం ఎత్తివేయడంతో ఆ తేడా నేరుగా ఆదిలాబాదు, ఎనుమాముల, గుంటూరు బేరాలకు తగిలే వీలు కలిగింది. ఆ సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. అయితే తేమ 12 శాతం దాటిన సరుకును సి.సి.ఐ. ముట్టదు, అది ప్రైవేటు బేరానికి రావలసిందే.