వ్యవసాయ శాస్త్రం చదివే మన పిల్లలకు ఏ ఇంగ్లీషు కావాలి?

మొదటి సంవత్సరం పరీక్షలో ఓ దళిత విద్యార్థి 'లాడ్జింగ్' అనే ప్రశ్నను వదిలేసి వచ్చాడు. లాడ్జింగ్ అంటే పట్నంలో గది అద్దెకు దొరకడమని అతనికి తెలుసు. దానికీ వరికీ ఏం సంబంధం? బయటికొచ్చాక అది పైరు పడిపోవడమని తెలిసి తల పట్టుకున్నాడు. పడిన పైరు కోసి కోసి వాళ్లమ్మ నడుం వంగిపోయింది. యూరియా ఎక్కువేస్తే చేను ఎందుకు పడుతుందో, పడిన చేను కోతకు కూలి ఎందుకు ఎక్కువడగాలో అతనికి పదేళ్ల వయసులోనే తెలుసు. మార్కులు మాత్రం సున్నా.

ఆ క్లాసుకు ఇంగ్లీషు చెప్పింది నేనే. ఆ నెలంతా నేను టెన్సులు చెప్తున్నాను.

సంక్షేమ హాస్టల్లో ఉండి, తెలుగు మీడియంలో బైపీసీ చదివి వ్యవసాయ డిగ్రీలో చేరిన పిల్లలకు అక్కడ పుస్తకం, పాఠం, పరీక్ష అన్నీ ఇంగ్లీషే. ఇంగ్లీషు రాకపోవడాన్ని తెలివి లేకపోవడంగా లెక్కగట్టే అలవాటు మన కాలేజీల్లో బాగా పాతుకుపోయింది. దానికి 'రిజర్వేషన్ వాడు' అనే మాట కూడా తోడవుతుంది. అప్పుడు మనవాడు భయపడి స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్‌కి పోతాడు. అక్కడ హోటల్లో కాఫీ అడగడం నేర్పుతారు. అతనికి కావలసింది నేల గురించిన ఇంగ్లీషు.

ఈ ఇంగ్లీషులో సగం మన వాడల్లో తెలిసిన విషయమే, వేషం మార్చుకుని వస్తుంది. టిల్లరింగ్ అంటే పిలకలు వేయడం. బూటింగ్ అంటే పొట్ట దశ. విత్తనప్పంటలో రోగింగ్ అంటే కేళీలు ఏరడం. డెడ్ హార్ట్ అంటే కాండం తొలుచు పురుగు తిని మొవ్వు చచ్చిపోవడం. అదే పురుగు ఈనే దశలో చేసేది వైట్ ఇయర్, మన తెల్లకంకి. బ్లాస్ట్ అగ్గితెగులు. ఇవి కొత్తగా 'నేర్చుకోవాల్సిన' సంగతులు కావు, పేరు కలుపుకోవాల్సినవి. అయితే అన్నీ ఇలా అతకవు. 'ఫీల్డ్ కెపాసిటీ'ని పదును అనుకుంటే దెబ్బతింటాం. దున్నడానికో విత్తడానికో నేల అనువుగా ఉందా లేదా అని చెప్పే మాట పదును. ఫీల్డ్ కెపాసిటీ అంటే బాగా తడిసిన నేలలోంచి మిగులు నీరు కిందికి దిగిపోయాక అది పట్టి ఉంచుకునే తేమ, కొలిచి అంకెల్లో చెప్పేది. రెండూ దగ్గరివే గానీ ఒకటి కాదు.

ఇంకా ఇబ్బంది పెట్టేవి తెలిసిన ఇంగ్లీషు మాటలే. 'ట్రీట్‌మెంట్' ఆసుపత్రిలోది కాదు, ప్రయోగంలో మనం పోల్చి చూసే ఎరువో, మందో, రకమో. 'కంట్రోల్' అంటే అదుపు కాదు, పోలిక కోసం ఏమీ వేయకుండా వదిలిన మడి. ఈ భాష చాలావరకు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పొలాల్లో పుట్టింది. 1919లో అక్కడ చేరిన ఫిషర్ 1925లోనూ, 1935లోనూ తెచ్చిన పుస్తకాలతో ప్రపంచమంతా పాకింది. 'సిగ్నిఫికెంట్' అన్న మాటను 'ముఖ్యమైన' అని తర్జుమా చేసుకుని ఎంతమంది థీసిసులు పాడుచేసుకున్నారో! 5 శాతం స్థాయిలో సిగ్నిఫికెంట్ అంటే, ఆ ఎరువుకు అసలు ప్రభావమే లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకుమించిన తేడా గానీ యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 5 శాతానికి మించదని. దిగుబడి రైతుకు గిట్టుబాటయ్యేంత పెరిగిందా అనేది వేరే ప్రశ్న.

పొడుగాటి పదాల దండలు చూసి కూడా జడుసుకుంటారు. 'రైస్ స్టెమ్ బోరర్ ఎగ్ మాస్' అని ఉందనుకోండి. వరుస మార్చకుండా తెలుగులో పెట్టండి: వరి కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయం. అసలు వస్తువు రెండింట్లోనూ చివరే ఉంది. ఇక్కడ తెలుగు మనకు అడ్డం కాదు, ఆసరా. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

వాక్యం దగ్గరికొస్తే కథ మారుతుంది. పరిశోధన వ్యాసంలో 'సీడ్‌లింగ్స్ వర్ ట్రాన్స్‌ప్లాంటెడ్' అని రాస్తారు. నారు నాటబడింది. ఎవరు నాటారు? ఆ మడిలో దిగిన ఆడవాళ్లు వాక్యంలో ఉండరు. ఓ అమ్మాయి క్లాసులో లేచి "సార్, ఇది మా అమ్మ చేసే పనే కదా, ఆమె ఎక్కడ పోయింది?" అనడిగింది. పద్ధతి ఎవరు చేసినా ఒకటేనని చూపడానికి ఈ రాత పుట్టిందని చెప్పాను. అది నిజమే, కానీ పూర్తి జవాబు కాదు. కూలీలు వ్యాసంలో కనబడేది ఖర్చుల పట్టికలో, 'మ్యాన్ డేస్' కింద. కొన్ని అధ్యయనాల్లో ఆడమనిషి రోజును కూలి రేట్ల నిష్పత్తిని బట్టి మగమనిషి రోజులో ఓ భాగంగా లెక్కగట్టారు. తక్కువ కూలి ఇవ్వడం అన్యాయమైతే, ఆ అన్యాయమే ఇక్కడ కొలబద్ద అయింది. ఈ భాష బాగా వచ్చినవాళ్లే దీన్ని పట్టుకోగలరు.

అంబేద్కర్ 1918లో ఇండియాలోని చిన్న కమతాల మీద ఇంగ్లీషులో వ్యాసం రాశారు. అప్పటి పండితులు 'ఎకనమిక్ హోల్డింగ్' అనే మాటను కుటుంబం తిండికీ బతుకుకూ సరిపోయే కమతం అన్న అర్థంలో వాడుతుంటే, ఆయన ఆ నిర్వచనం మీదే దెబ్బ తీశారు. కమతం గిట్టుబాటును ఉత్పత్తి వైపు నుంచి, అంటే భూమికి పెట్టుబడీ శ్రమా ఏ పాళ్లలో తోడయ్యాయో చూసి తేల్చాలన్నారు. భూమి మీద పడ్డ అదనపు జనానికి పరిష్కారం పరిశ్రమల్లో ఉందన్నారు. ఆయన వాళ్ల మాటను నేర్చుకున్నారు, తర్వాత దాంతోనే వాళ్లతో తగువు పెట్టుకున్నారు.

ఇప్పుడు నా క్లాసులో టెన్సులు చివర వస్తాయి. సెలవులకు ఇంటికెళ్లే ముందు పిల్లలకు ఓ నోటుబుక్కు ఇస్తాను. ఎడమ పక్క అమ్మా నాన్నా చెప్పిన మాట, కుడి పక్క పాఠ్యపుస్తకం మాట, మధ్యలో రెండూ ఎక్కడ కలుస్తాయో ఎక్కడ కలవవో రాసుకోవాలి. పోయినసారి ఓ పిల్లవాడి నోటుబుక్కులో ఎడమ పక్క నలభై మాటలు నిండాయి. వాటిలో పదకొండింటికి కుడి పక్క ఖాళీగా ఉంది. ఆ పదకొండూ మా నేలల విభాగం మాస్టారుకి చూపిస్తే, నాలుగింటికి ఆయన దగ్గరా ఇంగ్లీషు మాట దొరకలేదు.