వాలుజడయు, వాక్యూం క్లీనరును

స్త్రీల కురులకు సహజమైన పరిమళము కలదా, లేక అది పూవులవలనను నూనెలవలనను వచ్చిన యెరువు వాసనయేనా యను వివాదమున ఒక మహాకవి కుష్ఠువ్యాధి పాలయ్యెనని ధూర్జటి తన కాళహస్తి మాహాత్మ్యమున చెప్పినాడు. ఆ కవి నత్కీరుడు. మధురలో పాండ్యరాజు కొలువున, పరమశివుడు వ్రాసియిచ్చిన పద్యమునే తప్పుపట్టి, ఆ శివుడే ఎదుట నిలిచినను వెనుదీయక, శాపగ్రస్తుడై, తుదకు శ్రీకాళహస్తిలో విముక్తుడైనాడు. వెంట్రుకయంత సన్నని విషయముపై కొండంత కలహము! ఆ కాళహస్తి 2022 ఏప్రిలు వరకు చిత్తూరు జిల్లాలోనిది. నేడు తిరుపతి జిల్లాలోనిది. ఈ రెండు జిల్లాల ఇండ్లలోను నేడు నడచు కేశవివాదము వేరు. తలపై నున్నంతకాలము కురులతో ఎవరికిని పేచీ లేదు. నేలపై రాలిన పిదప వాని గతి యేమి, వానిని ఎత్తవలసినవారెవరు, ఎత్తుటకని కొని తెచ్చిన యంత్రము ఏల ఆగిపోయినది అనునదే నేటి తగవు.

ఈ సీమలో చీపురును పరక యందురు. ఊడ్చుటను కసవు చిమ్ముట యందురు. ఈతాకు పరక వాకిటికి, కొండచీపురు ఇంటిలోనికి. ఆ పరక మూలకు చేరి, దాని స్థానమున వాక్యూం క్లీనరు వచ్చిన ఇండ్లు తిరుపతిలో తక్కువ కాదు. పండుగ తగ్గింపులో కొన్నదో, పరదేశముననున్న బిడ్డలు పంపినదో, మొదటి రెండు నెలలు అది ఇంటిల్లిపాదికిని ముద్దుబిడ్డ. మూడవ నెలలో గొంతు మారును. నేలమీది దుమ్మును ముందుకు త్రోయునే గాని లోనికి గైకొనదు. ఒకనాడు రబ్బరు కాలిన కమురు వాసన వచ్చును. బోర్లించి చూచినచో క్రింది రోలరు రోలరువలె నుండదు, కదురుపై నూలు చుట్టినట్లు నల్లని కండెవలె నుండును. అప్పుడు ఇంటి పెద్దల చూపు యంత్రముమీదినుండి మెల్లగా కోడలి జడమీదికి మరలును. "యాడ జూసినా ఎంటికలే గదమ్మా!" అను మాట ఎంత మెత్తగా అన్నను మెత్తని మాట కాదు.

ఇందు ఎవరి దోషమెంతయో తేల్చుటకు కొంచెము లెక్క కావలెను. ఆరోగ్యముగా నున్న మనుష్యుని తలనుండి దినమునకు 50 మొదలు 100 వరకు వెంట్రుకలు రాలుట ప్రకృతిధర్మము. వెంట్రుక నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగును. కొన్ని యేండ్లు పెరిగి, విశ్రమించి, రాలిపోవును. ఆ కుదుటనే మరియొకటి మొలచును. నడుము దాటిన జడ యనగా రెండు మూరలు, 90 సెంటీమీటర్లు. దినమునకు 70 చొప్పున ఒక్క స్త్రీ తలనుండి వారమునకు 490 రాలినవనుకొందము. వానిని కొసకు కొస చేర్చినచో 440 మీటర్లు, అనగా రెండు ఫర్లాంగులకు పైమాట! వారమునకు రెండు ఫర్లాంగుల దారమును ఇంటినిండ చల్లి, గిరగిర తిరుగు కదురును దానిపై నడపినచో ఏమగునో చెప్పుటకు ఇంజనీరు కానక్కరలేదు.

ఇక యంత్రము సంగతి. రోలరు వ్యాసము 5 సెంటీమీటర్లనుకొన్నచో దాని చుట్టుకొలత పదునారు సెంటీమీటర్లకు లోపు. జానెడు కూడ లేదు. ఆ చుట్టుకొలతకు తక్కువైన వెంట్రుక దానిపై ఒక చుట్టు కూడ పూర్తిగా తిరుగజాలదు. గాలి యీడ్పునకు లోబడి సంచిలోనికి పోవును. రెండు మూరల వెంట్రుక ఐదారు చుట్లు తిరుగును. రెండవ చుట్టు మొదటి చుట్టుపై పడి దానిని బిగించును. మూడవది రెండవదానిని బిగించును. నిమిషమునకు వేల చుట్లు తిరుగు కదురుపై ఇది తృటిలో జరిగిపోవును. పైగా వెంట్రుక దుర్బలమైనది కాదు. ఒక్కొక్కటి ఇంచుమించు నూరు గ్రాముల బరువును ఓర్చుకొనును. నూరు వెంట్రుకలు పేనినచో పది కిలోల మూటను మోయగలవు. కావున చిక్కిన కండెను చేతితో లాగిన వ్రేళ్ళు తెగునే గాని వెంట్రుకలు తెగవు.

చుట్టుకొన్న వెంట్రుకలు చుట్టుకొన్నచోటనే యుండవు. మెల్లమెల్లగా జరిగి రోలరు రెండు కొసలను చేరును. అచ్చట బేరింగులున్నవి. సందులో దూరి, దుమ్ముతోను తలనూనెతోను కలిసి, గట్టి వలయమై బిగిసికొనును. తిరుగుడు బరువగును, వేడి పుట్టును, ప్లాస్టికు మూత కరగును, రోలరును త్రిప్పు రబ్బరు పట్టీ జారి కాలి తెగును. కొన్ని కొత్త యంత్రములలో పట్టీకి బదులు ప్రత్యేకమైన మోటారుండును. అది తట్టుకొనలేనపుడు తనంత తానే ఆగిపోవును. ఇల్లంత తానే తిరుగు రోబో యంత్రమునకు ఈ బాధ మరింత యెక్కువ. 2002లో అమెరికాలో వెలసిన రూంబా మొదలుకొని ఈ జాతికంతకును రోలరు గాక ప్రక్కకుంచె యొకటి, ముందు చిన్న చక్రమొకటి యున్నవి. ఆ చక్రపు ఇరుసున నాలుగు వెంట్రుకలు చుట్టుకొన్న చాలును, కాలిలో ముల్లు దిగిన దూడవలె మంచము క్రింద నిలిచిపోవును.

ఈ యంత్రము పుట్టినప్పుడు దానికి ఈ చిక్కు లేదు. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, దుమ్మును గాలితో ఊది ఎగురగొట్టు యంత్రమొకటి చూచి, ఊదుటకు బదులు పీల్చినచో నెట్లుండునని యోచించి, కుర్చీ వీపుపై చేతిగుడ్డ పరచి నోటితో పీల్చి చూచినాడట. గుడ్డకంటిన మురికిని, తన దగ్గును చూచుకొని సంతోషించినాడు. ఆయన యంత్రము గుఱ్ఱములు లాగు బండి. అది వీథిలో నిలువగా గొట్టములు కిటికీలగుండ ఇంటిలోనికి పోయెడివి. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు వెస్టుమినిస్టరు ఆబీ తివాచీలను దానితోనే శుభ్రపరచిరి. దానికి గాలియే గాని తిరుగు కుంచె లేదు. కుంచెను త్రిప్పినవాడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జేమ్సు మర్రే స్పాంగ్లరు. దుకాణమును ఊడ్చు పనివాడు, ఉబ్బసరోగి. దుమ్ము పడక, ఒక పంకా మోటారును, చీపురు కఱ్ఱను, తలగడ గలీబును కూర్చి యంత్రము కట్టుకొన్నాడు. 1908లో దానికి పేటెంటు లభించినది. ఆ హక్కును కొన్న హూవరు పేరు లోకమునకు తెలిసినంతగా ఆ ఊడ్చువాని పేరు తెలియలేదు. ఇది యంత్రచరిత్రలో కొత్తయు కాదు. స్పాంగ్లరు కుంచె తివాచీ నూలు సందులనుండి మట్టిని దులుపుటకై పుట్టినది. నాటి పాశ్చాత్య స్త్రీలకును పెద్ద జుట్టే. కాని కొప్పు పెట్టి పిన్నులతో బిగించుట వారి ఆచారము. 1920 తరువాత అక్కడ బాబ్డుహెయిరు ప్రబలినది. ఆ కత్తిరింపు యంత్రమునకు బాగుగా కలిసివచ్చియుండును.

మనవైపు తివాచీలేవి? నునుపుచేసిన గ్రానైటు, కడపరాయి, నాపరాయి. ఇట్టి నేలకు దులుపు కుంచెతో పనియే లేదు. 1982లో స్థాపితమైన యూరేకా ఫోర్బ్సు కంపెనీవారి విక్రేతలు మెడపట్టీ కట్టుకొని ఇంటింటికి వచ్చి, పరుపునుండి తీసిన దుమ్మును తెల్లగుడ్డపై చూపి గృహిణులను సిగ్గుపరచుచు అమ్మిన యంత్రములు చాలవరకు పొడుగాటి గొట్టము, పెట్టె మాత్రమే కలవి. అవి చేసిన రొద అంతయింత కాదు. అయినను జడకు వానితో వైరము లేదు. తివాచీల దేశమునకు తగిన రోలరును రాతినేలకు తెచ్చుకొని, అది చిక్కుపడినదని జడను నిందించుట న్యాయము కాదు.

ఇచ్చట ఒక విచిత్రమును గమనింపవలెను. తిరుమలపై కల్యాణకట్టలో దినమునకు వేలాది భక్తులు తలనీలాలు సమర్పింతురు. నీలాదేవి తన కురులను కోసి స్వామికి అర్పించినదనియు, ఏడుకొండలలో నీలాద్రి ఆమె పేర వెలసినదనియు స్థలకథ. అచ్చట పోగైన కురులను దేవస్థానమువారు పొడవునుబట్టి తరగతులుగా వేరుపరచి ఎలక్ట్రానిక్ వేలమున అమ్ముదురు. మిక్కిలి పొడవైనవి మొదటి తరగతి, అంతకు తక్కువవి రెండవది, ఆ క్రింద మూడవది, నాల్గవది, 5 అంగుళముల లోపువి ఐదవది, నెరసినవి వేరు. ధర యెక్కువ మొదటిదానికి. రోలరు ముందుంచినచో ఈ వరుస తలక్రిందులగును! ఐదవ తరగతిని అది ఉఫ్ మనిపించును. మొదటి తరగతి దాని పాలిట యముడు. కొండపై బంగారమైనది కొండ దిగువ ఇంటిలో కసవైనది. వస్తువొక్కటే, ఉన్న చోటు వేరు. ఈ వెంట్రుకయే సముద్రములు దాటి సవరములై, విగ్గులై, 2004లో ఒక మతవివాదమునకు కూడ కారణమైనది. దేవాలయమున అర్పించిన వెంట్రుకతో చేసిన విగ్గులు తమ స్త్రీలు ధరింపరాదని జెరూసలేములోని యూదగురువు రబ్బీ ఎల్యాషీవు తీర్పు చెప్పగా, బ్రూక్లినులో వానిని వీథులలో కుప్పవోసి తగులబెట్టిరి.

పూర్వపు ఇండ్లలో ఈ చిక్కు లేకపోవుటకు కారణము జుట్టు తక్కువగుట కాదు, కట్టుబాటు ఎక్కువగుట. తల దువ్వుకొనుటకు ఒక చోటు, ఒక వేళ ఉండెడివి. పంచలో పీట వేసికొని, పెద్దది ముందు కూర్చున్నదాని తల దువ్వెడిది. దీపాలవేళ తల విరబోసికొనరాదనిరి. వంటయింట దువ్వరాదనిరి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వ్రేలికి చుట్టి, ఉండచేసి, తూతూ యని ఉమిసి, గోడసందునో చూరునో దోపెడివారు. ఆ వెంట్రుక శత్రువు చేతికి చిక్కిన చేటని వారి భయము. భయము మూఢమేయైనను ఫలము మంచిది. ఇంటిలో ఒక్క వెంట్రుక తిరుగాడెడిది కాదు. నేడు కాలేజీకో ఆఫీసుకో పరుగెత్తవలసిన అమ్మాయి ఒక చేత దోసె, ఒక చేత దువ్వెన పట్టి, తిరుగు పంకా క్రింద నడచుచు దువ్వుకొనును. ఆమెకు పీట వేసికొను తీరికను ఎవరిచ్చినారు? పూర్వపు కట్టుబాటును పొగడువారు ఈ ప్రశ్నకు కూడ సమాధానము చెప్పవలెను.

అమెరికాలోని బిడ్డలయింటికి పురుళ్ళకని పోయిన తల్లులకు ఈ చిక్కు మరొక రూపమున ఎదురగుచుండును. అచ్చట గదులనిండ తివాచీయే. తల్లి తల కొబ్బరినూనెతో తడిసియుండును. రాలిన వెంట్రుక తివాచీ నూలులో పాతుకొని పరకకు రాదు. యంత్రమునకు వచ్చి, దానిని ఆపును. ఆగిన యంత్రమును అల్లుడు విప్పుచుండగా ఆ తల్లి పడు సంకోచము వర్ణింపనలవి కాదు. ఇట్టి సందర్భములందు "కొంచెము కత్తిరించుకొనరాదా" అను సలహా తేలికగా వచ్చును. అరువది యేండ్లు పెంచిన జడను ఒక కుంచె కొరకు కోసికొమ్మనుట సలహా కాదు. ఏడుకొండలవానికిచ్చుట వేరు మాట.

జడ యుండగనే యంత్రము నడచు మార్గములు లేకపోలేదు. రాతినేలపై రోలరును ఆపివేయు మీట యుండిన ఆపవలెను. లేదా కుంచె లేని వెడల్పు మూతిని తగిలింపవలెను. యంత్రమునకు ముందు ఒక్కసారి తడిగుడ్డనో పరకనో పడకగదిలోను అద్దము ముందరను నడపినచో సగము బాధ తీరును. వారమునకొకసారి ప్లగ్గు పీకి, రోలరును బయటికి తీసి, దానిపై పొడవునా కోసిన గాడి యున్నచో ఆ గాడివెంట కత్తెర నడపవలెను. గాడి లేనిచో దర్జీలు కుట్లు విప్పుటకు వాడు చిన్న కొక్కెపు కత్తి దీనికి మిక్కిలి అనువైనది. కండె రెండుగా చీలి విడిపోవును. రెండు కొసల మూతలను ఊడదీసి బేరింగుల సందును చూచుట మరువరాదు. ముప్పంతయు అక్కడనే యున్నది. ఫిల్టరును కడిగినచో పూర్తిగా ఆరనిచ్చిన పిదపనే పెట్టవలెను. తడిఫిల్టరుపై నూనెవెంట్రుకయు దుమ్మును కలిసి కంబళివలె పేరుకొనును. కొత్తగా కొనువారు రోమములకు బదులు రబ్బరు రెక్కలున్న రోలరును గాని, ఒక కొస సన్నగిల్లిన రోలరును గాని చూచుకొందురు గాక. సన్నని కొసవైపు వెంట్రుక జారి గాలిలోనికి పోవునను యుక్తి మంచిది. కొబ్బరినూనె ముందు అది ఎంతవరకు నిలుచునో వాడినవారే చెప్పవలెను. ఇవన్నియు చేయవలసినది జడ యున్నవారు మాత్రమే యని ఏ శాస్త్రమును చెప్పలేదు. కత్తెర పట్టుటకు మీసమున్నవారును పనికివత్తురు.

కత్తెరతో కోసి తీసిన ఆ కండె ఎందుకును కొరగాదు. ముక్కలు ముక్కలైనది, చెత్తబుట్టకే. దువ్వెననుండి తీసి చుట్టిన ఉండకు మాత్రము నేటికిని బేరమున్నది. దాని వెల తలనీలాలంత కాదు. వెంట్రుకపై చేపపొలుసులవంటి సన్నని పొరలున్నవి; అవన్నియు కుదురునుండి కొసవైపునకే వాలియుండును. గొరిగిన కురులలో కుదుళ్ళన్నియు ఒకవైపే. దువ్వెన ఉండలో తలయు తోకయు కలిసి, పొలుసు పొలుసును పట్టుకొని చిక్కుపడును. ఆ చిక్కు విప్పు పనిపై కర్ణాటకమున కొప్పళము ప్రక్కనున్న భాగ్యనగరమువంటి ఊళ్ళలో ఎందరో స్త్రీలు బ్రతుకుచున్నారు. వారికి సరకు చేర్చువారు ఊరూర తిరుగుచుందురు. చిత్తూరు పల్లెలలో "ఎంటికలకు స్టీలు సామాన్లే" యన్న కేక వినబడగానే ముసలమ్మ లేచి, చూరులోనికి చేయి పోనిచ్చి, ఆరుమాసముల ఉండలను వెదకి తీయును. గిన్నె చిన్నదైనదని కొంతసేపు బేరమాడును.