నడిచే ఇంజన్ కన్నా నిలబడ్డ ఇంజన్‌కే జబ్బులెక్కువ

ఢిల్లీలోని ఆర్.కె. పురం నుంచి రింగ్ రోడ్డు దాటి చాణక్యపురి వైపు వెళితే జాతీయ రైలు మ్యూజియం వస్తుంది. అక్కడి రైలింజన్ల మధ్య పట్టాలతో పనిలేని ఒక ఎర్రటి బండి కూడా ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ మోరిస్ అండ్ సన్స్ సంస్థ 1914లో తయారుచేసిన అగ్నిమాపక వాహనం అది. దాన్ని కొన్నది నిజాం స్టేట్ రైల్వే. అంటే హైదరాబాద్ సంస్థానం నుంచి ఢిల్లీ చేరిన మన బండే. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన పాత వాహనాల ర్యాలీల్లో ఇది పాల్గొని బహుమతులు కూడా గెలుచుకుంది.

అదే ఆవరణలో పటియాలా మోనోరైలు ఉంది. 1907లో మొదలై 1927లో మూతపడిన ఆ రైలు తాలూకు ఆవిరింజన్ 1962లో రైల్వే చరిత్రకారుల కంటపడేదాకా ఒక మూలన పడి ఉంది. తర్వాత అమృత్‌సర్ రైల్వే వర్క్‌షాపులో బాగుచేస్తే మళ్ళీ కదిలింది. 35 ఏళ్ళు పలకరించే దిక్కులేని ఇంజన్ బతికి బయటపడింది. మరి కిందటి చలికాలం దాకా చక్కగా నడిచిన పాత పెట్రోలు ఇంజన్‌ను ఒక్క వానాకాలం కదపకుండా ఉంచితే ఎందుకు మొరాయిస్తుంది?

పాత తోట ట్రాక్టర్లను సరదాగా పెంచుకునేవారికి ఈ ప్రశ్న బాగా తెలుసు. అమెరికాలో 1960ల నాటి చిన్న ట్రాక్టర్లను బాగుచేసి, ఇంటి వెనక గడ్డి కోయడానికి, మంచు తొలగించడానికి వాడుకోవడం పెద్ద అభిరుచి. 1963లో వచ్చిన జాన్ డీర్ 110 అలాంటిదే. దాని ఇంజన్ శక్తి 7 హార్స్‌పవర్, అంటే మన స్కూటర్ స్థాయి. మన దేశంలో ఇంటి పెరళ్ళు అంత పెద్దవి కావు కనుక ఆ తరహా ట్రాక్టర్లు పెద్దగా రాలేదు. ఆ స్థానంలో మనకు పవర్ టిల్లర్లు, చిన్న డీజిల్ ట్రాక్టర్లు ఉన్నాయి. ఎన్‌సీఆర్‌లోని ఫరీదాబాద్‌లో 1959లో బయటికొచ్చిన ఐషర్ ట్రాక్టర్‌ది గాలితో చల్లబడే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్. అలాంటి బండి ఫామ్‌హౌస్ షెడ్డులో ఉన్నా, తాతగారి స్కూటర్ ఆర్.కె. పురం క్వార్టర్ల మెట్ల కింద ఉన్నా దాన్ని తినే శత్రువులు చాలావరకు ఒకటే. ఆవిరింజన్‌కు ప్రధాన శత్రువు తుప్పు ఒక్కటే, దాని ఇనుము కూడా మందం. పెట్రోలు ఇంజన్‌కు మాత్రం దాని కడుపులోని ఇంధనమే మొదటి శత్రువు.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, చాలా హైడ్రోకార్బన్ల మిశ్రమం. నిల్వ ఉన్నప్పుడు ముందు తేలికైనవి ఆవిరైపోతాయి. చల్లటి ఇంజన్ అంటుకోవడానికి అవసరమైనవి అవే. మిగిలినవాటిలో ద్విబంధాలున్న అణువులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని చివరికి జిగురుగా మారతాయి. కార్బురేటర్‌లో ఇంధనం వచ్చే జెట్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నన. దాన్ని మూయడానికి సన్నటి జిగురు పొర చాలు. అందుకే ‘నిన్నటిదాకా బాగానే ఉందండీ’ అంటూ మెకానిక్ దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి కార్బురేటర్ విప్పి కడగడమే వైద్యం.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ముందు 2030కి అనుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2025కే అందుకున్నారు. చమురు దిగుమతుల లెక్కలో ఇది మంచి సంగతే. పాత ఇంజన్‌కు మాత్రం మూడు చోట్ల ఇబ్బంది.

మొదటిది గాలి లెక్క. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త బళ్ళలో సెన్సర్ చూసుకుని ఇంధనం మోతాదు మారుస్తుంది. పాత కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, జెట్ సైజు ఎంతో అంతే. దాంతో ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ అయి ఇంజన్ సరిగా లాగదు, వేడెక్కుతుంది. కాస్త పెద్ద జెట్ వేయిస్తే ఇది సర్దుకుంటుంది. ఇథనాల్‌లో శక్తి కూడా తక్కువ కాబట్టి మైలేజీ తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించిన కార్లలో ఆ తగ్గుదల 6 నుంచి 7 శాతం ఉండొచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. ఏడాదికి నాలుగు లీటర్లు తాగే ముచ్చటైన ట్రాక్టర్‌కు మైలేజీ పెద్ద బెంగ కాదనుకోండి.

రెండోది రబ్బరు. పాతకాలపు ఇంధన గొట్టాలు, కార్కు గాస్కెట్లు, పంపు పొరలు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అవి ఉబ్బి, మెత్తబడి, తర్వాత పగులుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పాత బండి ఇంటికి రాగానే, రంగు వేయించే ముచ్చట కన్నా ముందు మార్చవలసింది ఇంధన గొట్టాన్నే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నీరు. పెట్రోలుకు నీటితో పొత్తు లేదు. ఇథనాల్ మాత్రం నీటిని దగ్గరికి తీసుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో కలుపుకోగలదు. 20 శాతం అయితే ఇంకొంచెం ఎక్కువ. హద్దు దాటిందంటే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఇంజన్‌కు ఇంధనం వెళ్ళే గొట్టం ఉండేది ట్యాంకు అడుగునే. పైన పెట్రోలు నిండుగా కనిపిస్తుంటుంది, ఇంజన్‌కు మాత్రం నీళ్ళసారా అందుతుంది. పైగా ఇంధనం చల్లబడేకొద్దీ కలుపుకోగల నీటి మోతాదు తగ్గుతుంది. జులై, ఆగస్టు తేమలో చేరిన నీరు అప్పటికి కలిసిపోయి ఉన్నా, ఢిల్లీ డిసెంబరు చలిలో విడిపోవచ్చు.

ఆ నీరు ట్యాంకులోకి ఎలా వస్తుంది? సగం ఖాళీ ట్యాంకు ఊపిరి తీసుకుంటుంది. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి మూత సందులోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక బయటి తేమగాలి లోపలికి వచ్చి గోడల మీద చెమ్మగా పేరుతుంది. అందుకే రెండు మూడు వారాలకైతే ట్యాంకు నిండుగా ఉంచడం మేలు. నెలల తరబడి అయితే ట్యాంకు ఖాళీచేసి, ఇంధన కుళాయి కట్టేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపడం మేలు. ఖాళీ ఇనుప ట్యాంకు లోపలికి కాస్త ఆయిల్ పోసి గోడలన్నిటికీ తగిలేలా తిప్పాలి.

డీజిల్ బండికి కార్బురేటర్ బాధ లేదు, నీటి బాధ ఉంది. డీజిల్‌కు, అడుగునున్న నీటికి మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి మడ్డిగా ఫిల్టర్‌కు అడ్డం పడతాయి. ట్యాంకు అడుగు నట్టు విప్పి నీరు వదిలేయడమే దీనికి నాటు, నమ్మకమైన వైద్యం.

ఇక చాలామంది ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది. వారానికోసారి ఇంజన్ స్టార్టు చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తారు. ఇంధనం మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే వచ్చే నీరు దాదాపు ఒక లీటరు. అందులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్ గదిలోకి దిగుతుంది. ఇంజన్ బాగా కాగితే అది ఆవిరై బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆయిల్ గోరువెచ్చగా కూడా కాదు. నీరు అక్కడే ఉండి, దహనంలో పుట్టిన ఆమ్లాలతో కలిసి బేరింగులను తింటుంది. నడిపితే అరగంటకు తక్కువ కాకుండా, కాస్త పని చెప్పి నడపాలి. లేదంటే ముట్టుకోకుండా ఉండటమే నయం. ఆయిల్ మార్చేది కూడా బండిని నిలిపే ముందే. వాడిన ఆయిల్‌లోని ఆమ్లాలతో ఆరు నెలలు నానబెట్టి ఆ తర్వాత మార్చి లాభం లేదు.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పుపట్టే వేగం బాగా పెరుగుతుంది. ప్లాస్టిక్ పట్టా చుట్టేస్తే వాన పడదు కానీ నేలలోంచి లేచిన చెమ్మ దాని కిందే ఆగిపోతుంది. గాలి ఆడే నూలు గుడ్డ, పైన రేకు, కింద సిమెంటు నేల లేదా చెక్కలు మంచివి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి రెండు చెంచాల ఆయిల్ పోసి ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పితే సిలిండర్ గోడకు రక్షణ పొర ఏర్పడుతుంది. అప్పటికే పిస్టన్ పట్టేసి ఉంటే, తుప్పులోకి చొచ్చుకుపోయే నూనె పోసి రోజుల తరబడి ఆగాలి. మరో ట్రాక్టర్‌తో కట్టి లాగితే పిస్టన్ బదులు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

టైర్లకు ఢిల్లీలో అదనపు గండం ఓజోన్. వేసవి ఎండలో వాహనాల పొగ నుంచి నేలమట్టం గాలిలో పుట్టే ఈ వాయువు రబ్బరు అణువుల్లోని ద్విబంధాలను తెంచుతుంది. సాగదీసి ఉన్న రబ్బరు ముందు పగులుతుంది కాబట్టి ఇరుసుల కింద ఇటుకలు పెట్టి బరువు దించి, ఎండ తగలకుండా ఉంచాలి. బ్యాటరీ తీగలు విప్పేసి నెలకోసారి ఛార్జి చేయాలి. ఖాళీగా ఉంచితే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుని మళ్ళీ కరగదు. ఎలుకల సంగతి ప్రతి షెడ్డుకూ తెలిసిందే. సైలెన్సర్ మూతికి, గాలి ఫిల్టర్‌కు గుడ్డ కుక్కాలి, స్టార్టు చేసే ముందు తీయడం మరవకూడదు.

ఢిల్లీలో ఇంకో చిక్కు చట్టానిది. డీజిల్ వాహనాలకు 10 ఏళ్ళు, పెట్రోలు వాహనాలకు 15 ఏళ్ళ పరిమితి పెట్టిన హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజూ తిప్పకూడదు. పాత ట్రాక్టర్‌ను గేటు దాటించే ముందు నిబంధనలు తాజాగా ఎలా ఉన్నాయో రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

చలికాలం చివర మళ్ళీ బయటికి తీసేటప్పుడు తలుపులు తెరిచే స్టార్టు చేయాలి. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది. హ్యాండిల్‌తో తిప్పే ఇంజన్ అయితే బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచి పట్టుకుని, కింది నుంచి పైకి లాగాలి. ఇంజన్ ఎదురు తన్నితే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, మణికట్టు మిగులుతుంది.