స్త్రీమూలము

ఋషిమూలము, నదీమూలము, స్త్రీమూలము విచారింపరాదని పెద్దలొక మాట చెప్పుచుందురు. ఋషుల గోత్రములను మనము ప్రతి సంకల్పమునందును చెప్పుకొనుచునే యున్నాము. నదుల మూలములు చూచుటకు యాత్రలు పోవుచునే యున్నాము. మూడవదానిని మాత్రము నిజముగనే విచారింపక విడిచిపెట్టితిమి. తండ్రిగారి తాతగారి పేరేమని యడిగిన చిన్నపిల్లవాడైనను చెప్పును. అమ్మమ్మగారి తల్లి పేరేమని యడిగిన మనలో నెందరు చెప్పగలరు? సోదరీమణులారా, ముందుగా మిమ్ములను మీరే యడిగి చూచుకొనుడు.

ఈ ప్రశ్న నాకు స్వయముగా తోచినది కాదు. నాంపల్లిలో మాకు పొరుగున నొక పెద్దమ్మగారున్నారు. ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. మెథడిస్టు క్రైస్తవ కుటుంబము వారు. ఒకనాటి మధ్యాహ్నము ఆమె ఒక పాత తెలుగు బైబిలును గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టినది.

“అమ్మా, నీకు పాత రాతలు చదవడం వచ్చు గదా. ఇది మా అమ్మమ్మ వాళ్లమ్మది. ఆమె చిన్నప్పుడే విధవరాలై మిషనుకు వచ్చిందని తప్ప మాకేమీ తెలియదు. నేను పోయేలోగా ఆమె కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో తెలుసుకోవాలని ఉంది” అన్నది.

ఆ యింటివారి కోరిక ననుసరించి ఆ పేరును నేనిచ్చట వ్రాయను. దానిని వెదకిన విధమును మాత్రము వ్రాసెదను. ఇట్టి వెదకులాట ఏ మతమువారి యింటనైనను జరుగదగినదే.

మొదట ఇల్లు వెదకితిమి. బైబిలు అట్ట లోపలి కాగితముపై నొక బాప్తిస్మపు పేరును, “1306” అను అంకెయు నున్నవి. అది హిజరీ సంవత్సరమని నేను భ్రమపడి, 1888వ సంవత్సర ప్రాంతమని లెక్క గట్టితిని. ఆ లెక్కను బట్టి చూడగా ఆమె బిడ్డ వయస్సు కుదురలేదు. పిమ్మట, నిజాము రాజ్యమున కచ్చేరీలలోను, పటేలు పట్వారీల లెక్కలలోను ఫసలీ సంవత్సరము వాడుకలో నుండెనన్న సంగతి గుర్తునకు వచ్చినది. అచ్చటి ఫసలీ సంవత్సరమునకు 590 కలిపిన, ఆ సంవత్సరము మొదలైన క్రీస్తు శకము వచ్చును. ఆ సంవత్సరము అక్టోబరులో మొదలగును గనుక 1306 ఫసలీ యనగా 1896 అక్టోబరు మొదలు 1897 వఱకు. అది దక్కనున క్షామము వ్యాపించిన సంవత్సరము. ఒక్క అంకెను సరిగా చదివినంతనే ఆ యువతి ఎట్టి కాలమున ఇల్లు విడిచివచ్చెనో తెలిసినది.

ఇంకొక వస్తువు వంటయింట దొరకినది. అది అడుగున సొట్టపడిన యొక ఇత్తడి చెంబు. పెండ్లిలో నిచ్చిన పాత్రలపై పేరు చెక్కించుట మన యాచారము గదా! ఆ చెంబు మెడక్రింద మూడు తెలుగక్షరములు మిగిలియున్నవి. తక్కినవి చింతపండుతో తోమి తోమి అరగిపోయినవి. నూఱేండ్లకు పైగా ఆ యింటి ఆడవారే ప్రతిదినమును ఆ చెంబును తోమిరి. తమ ముత్తవ్వ పేరును తామే తుడిచివేయుచున్నామని వారికి తెలియదు.

ఆ కాలమున విధవలైన బాలికల స్థితి చదువరులకు నేను వర్ణింపనక్కరలేదు. ఆంగ్లేయ ప్రభుత్వము వితంతు పునర్వివాహ శాసనమును 1856లోనే చేసినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని మొదటి వితంతు వివాహము జరిపించిరి. కాని ఆ శాసనము ఆంగ్లేయుల పాలనలోని సీమకే చెల్లెను. హైదరాబాదు నిజాము రాజ్యము. కావున బిడ్డను చంకనెత్తుకొన్న యొక బాలవితంతువునకు ఇచ్చట ఆశ్రయములు మిక్కిలి కొద్ది. అందు మిషను కాంపౌండు ఒకటి. ఆమె మతము మారుట మంచిదా కాదా అని తీర్పు చెప్పుట నా పని కాదు. ఆమె బ్రతికినది, బిడ్డను బ్రతికించుకొన్నది, దానికి చదువు చెప్పించినది. అంతవఱకు నాకు తెలియును.

ఇక మిషను మాట. మెథడిస్టులన్న నందఱు నొక్కటే యనుకొని మేమిచ్చట రెండవ పొరపాటు చేసితిమి. నిజాము రాజ్యమునకు మెథడిస్టులు రెండు దారుల వచ్చిరి. ఇంగ్లండునుండి వచ్చిన వెస్లియను మెథడిస్టులు 1880 ప్రాంతమున సికిందరాబాదున పని మొదలిడి మెదకు వఱకు వ్యాపించిరి. 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠ జరిగిన మెదకు మహాదేవాలయము వారిదే. దానిని కట్టించినవారు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. రెండవవారు అమెరికా మెథడిస్టులు. 1870లో హిందూదేశమునకు వచ్చిన విలియం టెయిలరు బోధనవలన బొంబాయి, మద్రాసు మొదలగు పట్టణములలో వారి సంఘము లేర్పడినవి. హైదరాబాదున వారి నెలవు నేటి ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతము. చాపెల్ రోడ్డునకు ఆ పేరు క్రైస్తవ ప్రార్థనాలయమును బట్టి వచ్చినదే.

ఈ రెండవవారిలో స్త్రీల సంఘ మొకటి వేఱుగ నుండెను. 1869లో బోస్టను నగరమున కొందఱు గృహిణులు కూడి, స్త్రీలను స్త్రీలే పంపవలెనని నిశ్చయించి దానిని స్థాపించిరి. వారు పంపిన ఇసబెల్లా థోబర్ను లక్నోలో బాలికల పాఠశాల పెట్టినది. ఆమెతో కూడ వచ్చిన క్లారా స్వేయిన్ వైద్యురాలు. హైదరాబాదున చాపెల్ రోడ్డునందలి స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో స్థాపింపబడి నేటికిని నడుచుచున్నది. ఇట్టి మిషనులలో చదువు నేర్చిన వితంతువులను బైబిలు స్త్రీలుగా నియమించుట వాడుక. ఘోషాలోనున్న యిండ్లలోనికి పురుషులు పోలేరు గనుక వీరు గడపగడపకు పోయి అక్షరములు, కుట్టుపని నేర్పి, బైబిలు చదివి వినిపించుచుండిరి. పెద్దమ్మగారి ముత్తవ్వయు అట్లే తిరిగెనని ఇంట చెప్పుకొందురు.

పెద్దమ్మగారి పిల్లలు ఇప్పుడు దక్షిణ హిందూదేశ సంఘపు గుడికి పోవుదురు. కావున మేము మొదట మెదకు దారి పట్టి, ఒకదినమంతయు వెదకి, చేతులూపుకొనుచు తిరిగివచ్చితిమి. తరువాత తెలిసిన దేమనగా, 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ హిందూదేశ సంఘ మేర్పడినపుడు వెస్లియను మెథడిస్టులు అందు చేరిరి గాని అమెరికా మెథడిస్టులు చేరలేదు. వారు వేఱుగనే యుండి, 1981లో స్వతంత్రమైన భారత మెథడిస్టు సంఘ మైరి. పూర్వులు ఏ మిషనువారో తెలియక వెదకుట ఊరు తెలియక దారి యడుగుటవంటిది.

కడకు పట్టణములోనే యొక గుడి పాస్టరుగారు దయతో పాత రిజిష్టరులను చూపించిరి. పుటలు పొడిపొడిగ నున్నవి. 1897లో ఆమె బాప్తిస్మపు పేరు కనబడినది. వయస్సు ఇరువదిరెండు. ప్రక్కన “విధవ” అను మాట. మఱేమియు లేదు. ఆమె తండ్రి యెవరో, ఊరేదో, పూర్వపు పేరేమో వ్రాసినవారు లేరు. పెద్దమ్మగారు ఆ పంక్తిపై వ్రేలుంచి చాలసేపు కూర్చున్నారు.

ఇంకొక రిజిష్టరు మిగిలియుండెను. అది వివాహములది. అందలి గడులను నేను జాగ్రత్తగా చదివితిని. వధూవరుల పేర్లు, వయస్సు, అవివాహితులా విధవలా అను స్థితి, వృత్తి, నివాసము, తండ్రి పేరు. తల్లి పేరు వ్రాయుటకు గడి లేదు! ఇది మన దేశమున పుట్టిన లోపము కాదు. ఇంగ్లండులోని వివాహపు రిజిష్టరులును అట్లే యుండెను. అచ్చట తల్లుల పేర్లు చేర్చుట 2021లో గాని మొదలు కాలేదు. కూతురిని తొమ్మిది నెలలు మోసి, భర్త పోయిన పిదప ఒంటరిగా పెంచి, పెండ్లి చేసిన తల్లికి ఆ కాగితముపై చోటు లేదు. ఎన్నడో చనిపోయిన తండ్రికి చోటు కలదు.

1912లో ముత్తవ్వ కూతురి వివాహము వ్రాసిన పుట తీసితిమి. తండ్రి గడిలో నొక పేరు, “గతించెను” అను మాట. పుట మూయబోవుచు క్రింద సాక్షుల వ్రాలు చూచితిని. రెండవ సాక్షి వ్రాలు తెలుగులో నున్నది. గుండ్రని, నిదానమైన యక్షరములు. పెద్దయైన తరువాత వ్రాయ నేర్చినవారి యక్షరములు. మొదట బాప్తిస్మపు పేరు. దాని ప్రక్కన, ఎవ్వరు నడుగకయే, మఱియొక పేరు.

తల్లికి గడి లేకపోయినను ఆమె సాక్షియై వచ్చి తన రెండు పేర్లును తానే వ్రాసి పోయినది.

ఆ రెండవ పేరును నేను పైకి చదివితిని. పెద్దమ్మగారి ముఖము వెలవెలబోయినది. “అది మా పెద్దమనుమరాలి ముద్దుపేరు” అన్నారు. ఆ యింట ప్రతి తరమునందును పెద్ద ఆడుబిడ్డను ఆ పేరుతోనే పిలుచుదురట. బాప్తిస్మపు పత్రములో నుండదు, బడిలో నుండదు. ఎందుకు పిలుచుచున్నారో ఎవ్వరికిని తెలియదు. అమ్మమ్మ పిలిచెను గనుక అమ్మ పిలిచినది. ఇంటికి వచ్చి చెంబు తీసి చూడగా, అరగిపోగా మిగిలిన మూడక్షరములును ఆ పేరులోనివే.

ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకాముని కథ కలదు. గురుకులమునకు పోవగోరిన బాలుడు తన గోత్రమేమని తల్లి జబాల నడుగును. ఎన్నో యిండ్ల పరిచర్య చేయుచు నిన్ను కంటిని, గోత్ర మెరుగను, నీవు జబాల కొడుకువైన జాబాలుడవని చెప్పుమని ఆమె పలుకును. అతడట్లే చెప్పగా గురువు ఆ సత్యమునకు మెచ్చి శిష్యునిగా గ్రహించును. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఈ కథ చదివినపుడు కొడుకు సత్యసంధతయే నాకు గొప్పగా తోచినది. నాంపల్లినుండి ఇంటికి వచ్చిన ఆ సాయంకాలము తల్లి ధైర్యము తోచినది. తన పేరే బిడ్డకు వంశమని చెప్పగలిగిన తల్లి యామె.

పాఠక సోదరీమణులారా, మీ యింటి పెద్దమ్మలు ఇంకను కూర్చుండి మాటలాడుచున్నపుడే ఈ పని చేయుడు. ఒక గట్టి పుస్తకము తీసికొని, తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి పేర్లును, వారి పుట్టినింటి పేర్లును, ఊళ్లను వ్రాయుడు. పేరు మారిన రెండును వ్రాయుడు. పాత కాగితముపై సంవత్సరమున్న అది ఏ శకమో అడిగి తెలిసికొనుడు. ఫోటోల వెనుక ఎవరెవరో మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. పాత్రలపై పేర్లు అరగకమునుపే చూచి దింపుకొనుడు. జనాభా లెక్కలలో దొరకుదురులే యనుకొనకుడు. 1881 మొదలు ఇచ్చట లెక్కలెత్తినను, నిలిచినవి మొత్తములే గాని ఇంటింటి పేర్లు కావు.

పెద్దమ్మగారు తమ బైబిలు అట్ట లోపల, ఆ పాత వ్రాత క్రింద, ముత్తవ్వ మొదటి పేరు తమ చేతితో వ్రాసిరి. చేయి వణకుచుండుటచే నన్ను పట్టుకొమ్మనిరి. దాని క్రింద తమ అమ్మమ్మ పేరు, అమ్మ పేరు, తమ పేరు వరుసగా వ్రాసిన పిదప, ఆ ముద్దుపేరుగల మనుమరాలిని పిలిచి కలము దాని చేతి కిచ్చినారు.